కచ్చాకుట్టు చేతులు

మా ఆడపడుచుకి ముక్కు మీద కోపం. ఈ మాట నేను చాటుగా అంటున్నది కాదు. ఆమె ఎదుటే చాలాసార్లు అన్నాను, అన్నప్పుడల్లా నా మాట నిజమేనని ఆమె అక్కడికక్కడే ఋజువు చేసింది. అయినా మా ఊళ్ళో పొలం పనికి పోయేవాళ్ళలో ఎవరికి వేలు తెగినా, ఎవరికి నడుం పట్టేసినా ముందు ఆమె దగ్గరికే వస్తారు. దెబ్బ చూపిస్తారు, నాలుగు చీవాట్లు తింటారు, ఒక బొత్తాం కుట్టించుకుని వెళతారు. అందరూ ఆమెను బొత్తాలక్క అంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే మా ఇంటి వరండాలోంచి మొదలుపెట్టాలి.

వరండా నాది, అందులో ఉన్న కుట్టుమిషను ఆమెది. ఆమె మొగుడు ధాన్యం గోదాముకి రాత్రి కాపలాదారు. పగలంతా పడుకోవాలి, మిషను చప్పుడైతే నిద్ర పట్టదని రోజూ గొడవ. గోదాములో ఎలాగూ నిద్రపోతావు కదా, మళ్ళీ ఇంట్లో కూడా ఎందుకని ఆమె దెప్పేది. చివరికి నేనే మధ్యలో పడి మిషనుని మా వరండాకి తెప్పించాను. ఆయనకి నిద్ర దక్కింది, నాకు పొద్దుపోవడానికి ఒక మనిషి దొరికింది.

ఆమె కుట్టేవన్నీ పనిబట్టలు. మందంగా ఉండే చొక్కాలు, మోకాళ్ళ దగ్గర రెండు పొరలు వేసిన ప్యాంట్లు, చిరిగినవాటికి అతుకులు. మా ఊరి చుట్టూ ఉన్నవి పొలాలే. సగం మంది కూలికి పోతారు, మిగతావాళ్ళలో చాలామంది ట్రాక్టర్లూ యంత్రాలూ నడుపుతారు. ఆ బండ్లన్నీ బాగుచేసే మెకానిక్కు మా ఆయన. వాళ్ళ నాన్న చిన్నప్పుడే పోతే చదువు మానేసి షెడ్డులో చేరి, చెల్లెల్ని పెంచి పెద్దచేసింది ఆయనే. ఆ కుట్టుమిషను కూడా ఆయన కొనిచ్చిందే. ఇంజను చప్పుడు వింటే చాలు, రోగమేమిటో చెప్పేస్తారని ఆయనకి పేరు. ఆయన్ని ఎవరన్నా ఒక్క మాటంటే మా ఆడపడుచు ఒంటికాలి మీద లేచేది. నేనన్నా ఊరుకునేది కాదు, అన్న కట్టుకున్న పెళ్ళాన్నన్న మొహమాటం కూడా ఉండేది కాదు.

షెడ్డులో పనికిరానిదల్లా మా ఇంటికి చేరుతుంది. పాత టైరు బావి దగ్గర మెట్టయింది. పాడైపోయిన సీటు కోడిపెట్ట గూడయింది. వాటన్నిట్లోకీ నాకు నచ్చినవి పసుపుపచ్చటి ప్లాస్టిక్ గరాటులు. చిన్న బకెట్టంత ఉండి, అడుగున గుండ్రటి చిల్లు ఉంటుంది. మట్టి పోసి మొక్క పెడితే నీళ్ళు నిలవవు, వేళ్ళు కుళ్ళవు. వాటితోపాటు వచ్చే పొడుగాటి గొట్టాలేమో స్నానాల గది నీళ్ళు బయటికి పోవడానికి పనికొచ్చాయి. మా గోడ వెంట ఆ గరాటుల్లో పూలమొక్కలు చూసి వీధిలో ఆడవాళ్ళందరూ అడిగితే అందరికీ ఇప్పించాను. మా ఆడపడుచు కూడా ఒకటి తీసుకుని, చిల్లుకి గుడ్డ కుక్కి, దాన్నిండా బొత్తాలు పోసుకుంది. అవి ఏ బండివి, ఎక్కడివి అని ఎవరమూ అడగలేదు. ఇంటికొచ్చిన వస్తువు పనికొస్తోందా లేదా అన్నదే చూస్తాం కదా.

ఇలా ఉండగా వీధి చివరి చిన్న ఆసుపత్రికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. తెల్లకోటు చేతులు మరీ పొడుగయ్యాయని కురచ చేయించుకోవడానికి మా వరండాలో కూర్చుంది. ఆ కాసేపట్లోనే అతుకులకి బట్టలిచ్చేవాళ్ళు ఒకరి తరవాత ఒకరు వచ్చారు. మా ఆడపడుచు ఒక్కొక్కళ్ళనీ ఆరా తీస్తూనే ఉంది. ఇక్కడ చిరిగిందేం, ఈ మరకేమిటి, దీని కింద చర్మం ఎలా ఉంది అని. డాక్టరమ్మ చెవులప్పగించి విన్నది. తరవాత తన గోడు చెప్పుకుంది. పొలం పనివాళ్ళు దెబ్బ తగిలిన రోజున ఆసుపత్రికి రారు, చెయ్యి వాచి జ్వరం వచ్చాక వస్తారు. ఎవరికి, ఒంట్లో ఎక్కడ, ఏ పని చేస్తుంటే తగులుతోందో తెలిస్తే అసలు తగలకుండానే చూడొచ్చు. ఇంటింటికీ తిరిగి అడిగే మనిషి కావాలి, ఆ పని నువ్వు చేస్తావా అంది. ఆరా తీయడానికి జీతం కూడా ఇస్తారని తెలిశాక మా ఆడపడుచు కాదంటుందా.

కాళ్ళకి బలపం కట్టుకుని వీధులన్నీ తిరిగింది. తీరా చూస్తే రాసుకొచ్చిన కాయితాల నిండా అందరూ క్షేమం. మా ఊరివాళ్ళంత భద్రంగా బతుకుతున్న జనం ఎక్కడా లేరనిపించేలా ఉన్నాయి జవాబులు. బొటనవేలికి ఇంత లావు గుడ్డ కట్టుకున్న ఒకావిడ కూడా తనకే దెబ్బా తగల్లేదని చెప్పిందట. మరి ఈ కట్టేమిటంటే, కొడవలి గీసుకుందిలే అందట. గీసుకుంటే దెబ్బ కాదా అని మా ఆడపడుచు గుడ్లురిమితే, పనికి పోతూనే ఉన్నానుగా, పోలేకపోతే కదా దెబ్బ అని ఆవిడ చెప్పింది. ఇంకొకళ్ళ భయం ఇంకోటి. కాయితం మీద పేరెక్కితే, దెబ్బ తగిలిన మనిషని రేపు పనికి పిలవరేమో. నా ఎదురుగానే మా ఆడపడుచు ఆ కాయితాల కట్ట మిషను కింద పడేసి, అబద్ధాలు రాసుకొచ్చానని తన మీద తనే మండిపడింది.

ఆ కోపంలోంచే గుడ్డమనిషి పుట్టాడు. పాత దుప్పటి ఒకటి తీసుకెళ్ళి, వెల్లకిలా పడి గుర్రుపెడుతున్న మొగుడి కింద మెల్లగా దూర్చి, ఆయన చుట్టూ సుద్దముక్కతో గీత గీసింది. పగటినిద్ర ఆ ఒక్కరోజుకీ పనికొచ్చింది. ఆ గీత మీద దారంతో కుట్టు వేసి, దుప్పటిని మా వరండా గోడకి తగిలించింది. గుడ్డమనిషికి ఆయనలాగే కాస్త బొజ్జ ఉంది. ఇక పేరు లేదు, ఊరు లేదు, కాయితం లేదు. దెబ్బ తగిలినవాళ్ళు వచ్చి, తమకి ఎక్కడ తగిలిందో గుడ్డమనిషి మీద అక్కడ ఒక బొత్తాం కుట్టించుకుని పోవాలి, అంతే. డాక్టరమ్మకి ఈ ఆలోచన ఎంత నచ్చిందంటే, రంగుల సంగతి తనే చెప్పింది. కోసుకున్నవాళ్ళకి ఎరుపు, పురుగుమందు పడ్డవాళ్ళకి తెలుపు, బరువులెత్తి పట్టేసినవాళ్ళకి నీలం, యంత్రాలవల్ల తగిలినవాళ్ళకి నలుపు.

మొదటి సాయంత్రం ఎవరూ రాలేదు. రెండో సాయంత్రం ఆ బొటనవేలావిడ వచ్చి, దెబ్బ కాదంటూనే ఎర్ర బొత్తాం కుట్టించుకుంది. ఆ తరవాత మా వరండాలో చోటు చాల్లేదు. నా బొత్తాం ఇక్కడ కాదు, కొంచెం పైకి అని పోట్లాడుకునేవాళ్ళు. ఒకళ్ళ బొత్తాం పక్కనే ఇంకొకళ్ళది పడితే, నీక్కూడా అక్కడేనా అని పలకరించుకునేవాళ్ళు. ఎర్ర బొత్తాలు ఎడమచేతి వేళ్ళ మీద గుంపుగా చేరాయి. కంకులు పట్టుకునేది ఆ చేత్తోనే. మా ఆడపడుచు మందపు కాన్వాసు గుడ్డతో వేళ్ళకి తొడుగులు కుట్టి పంచింది. బొమ్మలకి టోపీల్లా ఉన్నాయని ఆడవాళ్ళు నవ్వుకున్నారు, కానీ వేసుకున్నారు. తెల్ల బొత్తాలు కళ్ళ చుట్టూ చేరాయని డాక్టరమ్మ పొలాల యజమానుల్ని కూర్చోబెట్టి, మందు కొట్టేవాళ్ళకి కళ్ళద్దాలు ఇప్పించింది. ఎర్రవీ తెల్లవీ కుట్టే పని తగ్గింది. చూస్తుంటే నాకు భలే సంతోషంగా ఉండేది.

తగ్గనివి నల్లవి. అవి మిగతావాటిలా ఒంటినిండా లేవు. మణికట్టు నుంచి భుజం దాకా, చొక్కా చెయ్యి ఎంత మేర ఉంటుందో అంత మేరా ఉన్నాయి. అన్నీ డ్రైవర్లవే. సరిగ్గా ఆ రోజుల్లోనే డ్రైవర్లు మా ఆడపడుచుని ఒక వింత కోరిక కోరడం మొదలుపెట్టారు. చొక్కా మామూలుగా కుట్టి, చేతులు మాత్రం కచ్చాకుట్టు వేసి ఇమ్మని. కచ్చాకుట్టంటే కొలత సరిపోయిందో లేదో చూడటానికి దూరం దూరంగా వేసే కుట్టు. ఒక్క లాగు లాగితే ఊడొస్తుంది.

దీనికంతటికీ ఆద్యుడు నిచ్చెన. మనిషి పొడుగు కాబట్టి ఆ పేరు, అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. పరమ పిసినారి. ఆయన చొక్కా పెద్దకూతురి కంటే పాతదని చెప్పుకుంటారు. ఒకరోజు మొక్కజొన్న ఒలిచే యంత్రంలో పొట్టు అడ్డుపడితే తీయడానికి వంగాడు. ట్రాక్టరుకీ ఆ యంత్రానికీ మధ్య ఒక ఇనుప కడ్డీ గిర్రున తిరుగుతుంటుంది, షాఫ్టు అంటారు. అది చొక్కా చెయ్యి అంచుని పట్టుకుంది. చొక్కా చివికిపోయి ఉంది కాబట్టి పర్రున చిరిగి మొత్తం ఊడిపోయింది. చెయ్యి పొడుగునా చర్మం లేచిపోయింది కానీ మనిషి దక్కాడు. పొలం మధ్యలో చొక్కా లేకుండా నిలబడ్డ ఆ కథ ఆయనే అందరికీ చెప్పి నవ్వించాడు. నల్ల బొత్తాం కుట్టించుకుంటూ మాకూ చెప్పి నవ్వించాడు. ఆ నవ్వుల్లోంచే డ్రైవర్లు ఒక పాఠం నేర్చుకున్నారు. పనికి పాత చొక్కాయే వేసుకోవాలి. పాతది లేనివాళ్ళు కొత్తదాని చేతులు కచ్చాగా కుట్టించుకోవాలి.

మొదట్లో మా ఆడపడుచు కూడా నవ్వుతూనే కుట్టిచ్చింది. తరవాత ఒకాయన బిరుసైన కొత్తగుడ్డ తెచ్చి అదే మాట అడిగితే, కత్తెర పట్టుకున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. యంత్రం పట్టుకోకుండా ఉండదని వీళ్ళు ముందే ఒప్పేసుకున్నారు, పట్టుకుంటే చొక్కా పోనిచ్చి చెయ్యి మిగుల్చుకుందామని చూస్తున్నారు. అది అర్థమయ్యాక ఆమె గుడ్డ మడతపెట్టి ఆయన చేతిలోనే పెట్టేసింది. ఇలాంటివి ఇక కుట్టనని, ముందు ఆ యంత్రం తనకి చూపించమని పట్టుబట్టింది. మర్నాడు నిచ్చెన ట్రాక్టరెక్కి పొలానికి వెళ్ళింది.

అక్కడ జరిగింది ఆమె తరవాత నాకు చెప్పింది. నిచ్చెన బండికి షాఫ్టు బోడిగా ఉంది. నిగనిగలాడే ఇనుము. ఆగి ఉన్నప్పుడు చూస్తే పిల్లిలా సాధువుగా ఉందట. పక్కన యజమాని కొత్తగా కొన్న బండి ఇంకోటి ఉంది. దాని షాఫ్టు మాత్రం కనపడటం లేదు. పొడుగాటి పసుపుపచ్చ గొట్టంలో దాక్కుని ఉంది, రెండు చివర్లా రెండు గరాటులు. అవి చూడగానే ఆమెకి తన బొత్తాల గరాటు గుర్తొచ్చింది. తెలియనట్టే ఇదేమిటని అడిగింది.

"తొడుగక్కా. షాఫ్టు తిరిగినా ఇది తిరగదు. కొత్త బండి కదా, ఇంకా మీ అన్న దగ్గరికి సర్వీసుకి రాలేదు" అన్నాడు నిచ్చెన.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. వాన పడలేదన్నట్టుగా, ఉన్న సంగతి చెప్పాడు, అంతే.

ఆమె తిరిగి వచ్చేసరికి నేను మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను. తిన్నగా వరండా ఎక్కి, బొత్తాలన్నీ గరాటులోంచి స్టీలు డబ్బాలోకి వంపింది. ఖాళీ గరాటు తెచ్చి నా చేతిలో పెట్టి, అది ఏమిటో చెప్పింది. నేను గోడ వెంట చూశాను. మా ఇంట్లో వరసగా ఉన్నవి, ఎదురింట్లో ఉన్నవి, మూలమీది ఇంట్లో ఉన్నవి, అన్నీ నేను ఇప్పించినవే. ప్రతి రెండు గరాటులూ ఒక బండివి. నాకు ముందు భయం వేసింది, ఆ వెంటనే కోపం వచ్చింది, ఆ కోపం ఆమె మీదే వచ్చింది. నీ ఆరాలన్నీ తిరిగి తిరిగి మా ఇంటి మీదే పడ్డాయా అని అడిగాను. నిన్ను సాకిన మనిషిని ఊరి ముందు నిలబెడతావా అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఎప్పుడూ నాకు మాటకి రెండు మాటలిచ్చే మనిషి ఆ పూట గోడ వెంట గరాటులు లెక్కపెడుతూ నిలబడింది. అది చూసి నాకు ఇంకా భయం వేసింది.

భయానికి కారణం ఉంది. మొక్కజొన్న కోతలు మొదలయ్యే ముందు అందర్నీ గోదాము దగ్గర కూర్చోబెట్టి, గుడ్డమనిషిని చూపించి, ఏ బొత్తాలు ఎందుకు వచ్చాయో చెప్పాలని డాక్టరమ్మ ఏర్పాటు చేసింది. చెప్పవలసింది మా ఆడపడుచే. నల్ల బొత్తాల దగ్గరికి వచ్చాక ఆమె నోరు విప్పితే అన్న పేరు మట్టిలో కలుస్తుంది. విప్పకపోతే కోతల్లో ఆ షాఫ్టులన్నీ అలాగే బోడిగా తిరుగుతాయి, అందరి చొక్కాలూ నిచ్చెన చొక్కా అంత చివికినవి కావు. మర్నాడు కాస్త చల్లబడ్డాక నేనొక మధ్యేమార్గం చెప్పాను. యంత్రాల దగ్గర జాగ్రత్తగా ఉండండని చెప్పి దిగిపోతే సరిపోతుంది కదా అన్నాను.

"జాగ్రత్తగా ఉండమని చెప్పడానికి నేనెందుకు వదినా? ఆ మాట వాళ్ళ ఇళ్ళల్లో రోజూ చెప్తూనే ఉన్నారు" అంది. నా దగ్గరున్న గరాటు తీసుకుని, "ఊరికి చెప్పేముందు అన్నయ్యకి చెప్తాను. నువ్వు కూడా రా" అంది.

షెడ్డులో మా ఆయన ఒక ట్రాక్టరు కింద పడుకుని ఉన్నారు. కాళ్ళు మాత్రం బయటికి ఉన్నాయి. గ్రీజు వాసన, నేలంతా నల్లటి మరకలు, గోడకి వరసగా తగిలించిన రెంచీలు. అన్నీ పరిమాణం ప్రకారం ఉంటాయి, ఒకటి తేడాగా ఉన్నా ఆయన ఊరుకోరు. ఆమె గరాటుని ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, సాగదీయకుండా విషయం చెప్పింది. ఆయన బయటికి వచ్చి కూర్చుని మొత్తం విన్నారు. మొదట నవ్వేశారు. తరవాత విసుక్కున్నారు. ఆ తొడుగు ఉంటే లోపల కీళ్ళకి గ్రీజు పెట్టడం కుదరదు. పెట్టాలంటే ప్రతిసారీ విప్పి మళ్ళీ బిగించాలి. బిగించబోతే డ్రైవర్లే వద్దంటారు, వాళ్ళకి పొద్దుపోకముందే పొలం చేరాలి. గ్రీజు పడకపోతే షాఫ్టు విరుగుతుంది, విరిగితే తిట్లు తినేది నేను, అదంతా మీకేం తెలుసు అన్నారు. చివరికి అసలు మాట వచ్చింది.

"ఇన్నేళ్ళ పనిలో నా మీద ఒక్క మాట లేదు. ఆ మాట నువ్వు తెచ్చావా?" అన్నారు.

ఆమె వాదించలేదు. ఆయన కుడిచేతి చొక్కాని తనే మోచేతి పైదాకా మడిచింది. అక్కడ మెలితిరిగిన పాతమచ్చ ఒకటుంది. పెళ్ళైన కొత్తలో అదేమిటని అడిగితే, బ్యాటరీ యాసిడ్ పడిందని నాతో చెప్పారు. నేను నమ్మాను. చెల్లెలు నమ్మలేదన్నమాట. చిన్నప్పుడు ఆ చేతికి కట్టు మార్చింది తనే కదా.

"ఇది షాఫ్టు పట్టిందే కదా అన్నయ్యా. వరండాలోకి అందరూ వచ్చారు, నీ బొత్తాం ఒక్కటే రాలేదు" అని, నల్ల బొత్తాం ఒకటి ఆయన అరచేతిలో పెట్టింది.

ఆయన మొహం చూడలేకపోయాను. చొక్కా చెయ్యి కిందికి దించుకుని, మళ్ళీ ట్రాక్టరు కిందికి వెళ్ళిపోయారు.

ఆ తరవాత మా ఇంట్లో మాటల్లేవు. ఆయన తినడం, షెడ్డుకి పోవడం. అన్నకి మొహం చూపించలేక మా ఆడపడుచు మిషనుని తన ఇంటికి మోయించుకుని పోయింది. వరండా బోసిపోయింది. కొన్నాళ్ళకి ఆమె మొగుడు ఎర్రటి కళ్ళతో మా గుమ్మంలోకి వచ్చాడు. అన్నాచెల్లెళ్ళు కలిసేదాకా తనకి నిద్ర లేదని, కాపలా కాస్తూ నిలబడే కునుకు తీస్తున్నానని, ఎలాగైనా రాజీ చేయమని బతిమాలాడు. రాజీ నా చేతిలో ఉంటే ముందు నేనే నిద్రపోయేదాన్ని.

సమావేశం రోజు పొద్దున్న మొక్కలకి నీళ్ళు పోద్దామని చెంబుతో వెళ్ళి అక్కడే నిలబడిపోయాను. మొక్కలన్నీ మట్టిముద్దలతో సహా గోడ పక్కన గోనెపట్టా మీద వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్క వేరు కూడా తెగలేదు. గరాటులు లేవు. స్నానాల గది గొట్టం కూడా లేదు, నీళ్ళు పెరట్లో ఎటు పడితే అటు పోతున్నాయి. చెంబు అక్కడే వదిలేసి షెడ్డుకి పరిగెత్తాను.

ఆయన బల్ల దగ్గర ఉన్నారు. ఒక గరాటుకి పక్కన కిటికీలా చతురస్రంగా కోశారు. ఆ కోసిన ముక్కకే చిన్న బందు, గట్టి గడియ బిగించారు. తలుపు తీసి గ్రీజు గొట్టం లోపల పెట్టి చూశారు, సరిగ్గా కీలు దగ్గరికి చేరింది. తలుపు వేసి గడియ పెట్టి, తొడుగుని అటూ ఇటూ ఊపి చూశారు. ఊడలేదు. నన్ను చూసి, ఇది పట్టుకో, ఇంకోటి చేయాలి అన్నారు. అన్నాళ్ళ తరవాత నాతో అన్న మొదటి మాట అది. నేను పట్టుకున్నాను. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, గ్రీజు వాసనవల్లనని చెప్పుకున్నాను.

గోదాము ముందు రేకుల కింద జనం నిండిపోయి ఉన్నారు. గుడ్డమనిషిని తాడుకి కట్టారు, బొజ్జ దగ్గర గాలికి ఉబ్బుతున్నాడు. మేం చేరేసరికి మా ఆడపడుచు ఎర్రవాటి గురించీ తెల్లవాటి గురించీ చెప్పేసింది. నల్లవాటి దగ్గర వేలు పెట్టి ఆగింది. అన్న రావడం చూసిందో లేదో తెలియదు. ఒక్క మాటకీ తడుముకోలేదు.

"ఇవన్నీ షాఫ్టు మీద తొడుగు లేకపోవడంవల్ల తగిలినవి. తొడుగులు ఎక్కడికీ పోలేదు. మా వీధిలో మొక్కలు పెరుగుతున్నాయి వాటిల్లో. విప్పినవాళ్ళూ మనవాళ్ళే, వద్దన్నవాళ్ళూ మనవాళ్ళే" అంది.

గుసగుసలు మొదలయ్యాయి. కొందరు వెనక్కి తిరిగి మా ఆయన వైపు చూశారు. ఆయన జనం మధ్యలోంచి నడిచి వెళ్ళి, తెచ్చిన తొడుగుని గుడ్డమనిషి కాళ్ళ దగ్గర పెట్టారు. జేబులోంచి నల్ల బొత్తాం తీసి చెల్లెలికి ఇచ్చారు. ఆమె సూదిలో దారం ఎక్కించడానికి చాలాసేపు పట్టింది. ఎక్కించి, కుట్టబోయింది.

"అక్కడ కాదు, కొంచెం కిందికి. మోచెయ్యి మీద" అన్నారు ఆయన.

అందరి పోట్లాటా అదే కాబట్టి జనం ఘొల్లున నవ్వారు. ఆమె కూడా నవ్వుతూనే ఏడ్చింది. నవ్వులు తగ్గాక ఆయన తలుపు తీసి, వేసి, గ్రీజు ఎలా పెట్టాలో చూపించారు. ఈసారి నుంచి తొడుగు లేని బండి షెడ్డు దాటదని, తొందరున్నవాళ్ళు వేరే మెకానిక్కుని వెతుక్కోవచ్చని చెప్పారు. అంతగా మాట్లాడే మనిషి కాదు, చెమటలు పట్టాయి. డాక్టరమ్మ అందరి కంటే ముందు చప్పట్లు కొట్టింది.

ఇక మిగిలింది నా పని. ఇచ్చిన గరాటులన్నీ తిరిగి అడగాలి. పూలు విరగబూసే వేళకి వచ్చి కుండీ ఇచ్చెయ్యమంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది. మూలమీది ఇంటావిడ, కావాలంటే బొత్తాలు ఇంకో పది కుట్టించుకుంటాను కానీ మొక్క కదపనని భీష్మించుకుంది. ఆవిడ మొగుడు డ్రైవరే. ఆయన మధ్యాహ్నం భోజనానికి వచ్చి, మొక్కని ఒక పాత సత్తుగిన్నెలోకి మార్చి, గరాటు కడిగి నా చేతికిచ్చాడు. వీధి వీధంతా మొక్కలు డబ్బాల్లోకి, పగిలిన బకెట్లలోకి దిగాయి. చూడటానికి అందం తగ్గిన మాట నిజం. కొన్ని గరాటులు ఎండకి పెళుసెక్కి విరిగిపోతే మా ఆయన కొత్తవి తెప్పించారు. పక్క ఊరి మెకానిక్కు నవ్వాడని తెలిసింది. ఆ తరవాత ఒకరోజు మనిషిని పంపి, ఆ కిటికీ కొలతలు అడిగించుకున్నాడని కూడా తెలిసింది.

మిషను మా వరండాకి తిరిగి వచ్చింది. కోతలకి గోడ మీద కొత్త దుప్పటి, కొత్త గుడ్డమనిషి. వాడికీ బొత్తాలు పడ్డాయి. పొలం పనన్నాక పడకుండా ఉండవు. నీలం బొత్తాలు నడుం మీద ఇంకా గుంపుగానే ఉన్నాయి, వాటి సంగతేమిటో చూడాలని ఆమెకీ డాక్టరమ్మకీ రోజూ చర్చ. నల్లది ఒకటి పడింది, యంత్రం బెల్టులో వేలు నలిగిన ఆయనది. చొక్కా చెయ్యి మేరంతా మాత్రం ఖాళీగా ఉంది. మా ఆయన షెడ్డు నుంచి రాగానే ముందు అటు చూస్తారు, ఆ తరవాతే కాళ్ళు కడుక్కుంటారు.

కోతలు అయిపోవస్తున్న రోజుల్లో నిచ్చెన వచ్చాడు. చంకలో కాయితం పొట్లం ఉంది. విప్పితే కొత్తగుడ్డ, ముదురు నీలం, మందంగా, గట్టిగా. ఆయన గుడ్డ కొన్నాడంటే నేనూ మా ఆడపడుచూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఆమె కొలతలు తీసుకుంది. చెయ్యి కొలిచేటప్పుడు ఆ చర్మం లేచిపోయిన చోట టేపు మెల్లగా పెట్టింది. తరవాత వేళాకోళంగా, చేతులు కచ్చాకుట్టేనా అని అడిగింది.

"వద్దక్కా. గట్టిగా కుట్టు. ఈ చొక్కా నాకు చానాళ్ళు రావాలి" అన్నాడు.

ఆమె గుడ్డ కత్తిరించి మిషను ముందు కూర్చుంది. తల వంచుకుని, చేతుల దగ్గర రెండేసి వరసల కుట్టు వేసింది.